వచ్చింది గాని పలకలేదు: ఆర్థర్ సి. క్లార్క్ రచనల్లో మనిషి, యంత్రం, విశ్వం

తెలుగు పాఠ్యప్రణాళికల్లో సైన్స్ ఫిక్షన్‌కు పీట వేయడం అరుదు. అది పిల్లల సరదా అనో, ఇంగ్లీషువాళ్ళ వ్యవహారం అనో పక్కకు నెట్టడం మనకు అలవాటైపోయింది. ఈ వ్యాసంలో మేము తీసుకున్న రచయిత ఇంగ్లీషువాడే. అయినా ఆయనను తెలుగు పీఠం పత్రికలో చర్చకు పెట్టడానికి మా దగ్గర రెండు కారణాలున్నాయి. ఈయన ఊహించిన యంత్రం ఒకటి తెలుగు పల్లెల్లో ఏడాదిపాటు తెలుగులో వినిపించింది, ఇది మొదటిది. అటువంటి యంత్రాలతో మన దేశం సంభాషణ జరిపే చోటు, మా విద్యార్థుల్లో కొందరు రోజూ బస్సు దిగే పీణ్యలోనే ఉండటం రెండవది.

ఆర్థర్ సి. క్లార్క్ 1917 డిసెంబరు 16న ఇంగ్లండులోని మైన్‌హెడ్‌లో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ వైమానిక దళంలో రాడార్ పని చేశాడు. 1945 అక్టోబరులో 'వైర్‌లెస్ వరల్డ్' అనే పత్రికలో ఒక వ్యాసం రాశాడు. భూమధ్యరేఖకు పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఒక ఉపగ్రహాన్ని నిలిపితే అది భూమితో సమంగా తిరుగుతుంది గనక నేల మీదివారికి కదలనట్టే ఉంటుందనీ, అలాంటివి మూడు ఉంటే ప్రపంచమంతటికీ ప్రసారాలు అందించవచ్చుననీ అందులో లెక్కకట్టి చూపాడు. అప్పటికి కృత్రిమ ఉపగ్రహమన్నదే లేదు. మొదటిదైన స్పుత్నిక్ ఎగిరింది 1957 అక్టోబరు 4న. క్లార్క్ 1956లో సిలోనుకు, అంటే నేటి శ్రీలంకకు, వచ్చి స్థిరపడ్డాడు. 2008 మార్చి 19న కొలంబోలోనే కన్నుమూశాడు.

ఆయన లెక్క కాగితం దిగి మన ఊళ్ళకు వచ్చింది 1975లో. అమెరికా వారి ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాదికి వాడుకొని, ఆగస్టు 1 నుంచి మరుసటి సంవత్సరం జూలై 31 దాకా భారత ప్రభుత్వం ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టెలివిజన్ ప్రసారాలు చేసింది. దాన్ని 'సైట్' అని పొట్టిపేరుతో పిలిచారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక కూడా ఉన్నాయి. కరెంటు రావడమే గొప్పగా ఉన్న ఊళ్ళలో, బడి ముందో పంచాయతీ ముందో తీగవలతో చేసిన గొడుగులాంటి డిష్షును నిలబెట్టారు. పొద్దున పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. భాషాశాస్త్రం చదివే విద్యార్థులు ఇక్కడ ఒక చిన్న సాంకేతిక విషయం గమనించాలి. ఆ ఉపగ్రహం ఒక బొమ్మతో పాటు రెండు శబ్దమార్గాలను పంపగలిగేది. బొమ్మ ఒకటే, మాట రెండు భాషల్లో. ఇంజనీరుకు ఇది పొదుపు లెక్క. మనకు మాత్రం అదొక పెద్ద ప్రశ్న: కంటికి అందినది ఒకటే అయినప్పుడు, చెవికి అందినది వేరైతే, ఆ ఇద్దరికీ అందిన విషయం ఒకటేనా?

ఈ ప్రయోగానికి కృతజ్ఞతగా ఇస్రో ఇంజనీర్లు కొలంబోలో క్లార్క్ ఇంటి మీద కూడా ఒక డిష్షు బిగించి ఇచ్చారు. శ్రీలంకలో అప్పటికి టెలివిజన్ ప్రసారాలు మొదలుకాలేదు. ముప్పయ్యేళ్ళ కింద తాను కాగితం మీద వేసిన గీత నిజంగా పనిచేయడం ఆయన తన ఇంట్లోనే కూర్చుని చూశాడన్నమాట. కాని ఏం చూశాడు? మన పల్లె రైతుల కోసం తయారైన కార్యక్రమాలు, హిందీలో, ఒరియాలో, తెలుగులో, కన్నడంలో. ఆ భాషలేవీ ఆయనకు తెలియవు. తన ఊహ ఫలించిన ఘడియలో ఆయన ముందున్నది అర్థం కాని మాటల వెలుగు. ఈ దృశ్యాన్ని క్లార్క్ సాహిత్యానికంతటికీ తాళంచెవిగా మేము భావిస్తున్నాము.

ఇక పీణ్య సంగతి. లేత్ మిషన్లు, పౌడర్ కోటింగు షెడ్లు, గార్మెంటు ఫ్యాక్టరీల నడుమ ఇస్రో వారి ఇస్ట్రాక్ కేంద్రం ఉంది. ఉపగ్రహాలకు ఆజ్ఞలు పంపేది, వాటి జవాబులు వినేది ఇక్కడినుంచే. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్‌ను అంగారకుడి కక్ష్యలో పెట్టిన రోజున ఇక్కడి వారి మాట అక్కడికి చేరడానికి 12 నిమిషాలకు పైగా పట్టింది. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగేటప్పుడు మేము అక్కడికి కాస్త దూరంలోనే, ఒక టీకొట్టులో కొందరు విద్యార్థులతో ఉన్నాము. టీకొట్టాయనది హిందూపురం వైపు. టీవీ కన్నడంలో మోగుతోంది, మా పిల్లల ఫోన్లలో ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లీషులో. 6 గంటల 4 నిమిషాలకు చప్పట్లు పడ్డాక ఆయన గ్లాసులు కడుగుతూ అడిగాడు: "ఆడికి పోయి దిగినాక అది మాట్లాడ్తాదా సార్?" గుర్తులు పంపుతుందనీ, వాటిని ఇక్కడివారు అర్థం చేసుకుంటారనీ చెప్పాము. "అయితే మాట్లాడేది మనోళ్ళే. అది గాదు" అన్నాడాయన.

మేము ముప్పయ్యేళ్ళుగా తరగతిలో చెబుతున్న విషయం ఇదే. గుర్తు వేరు, పలుకు వేరు. క్లాడ్ షానన్ 1948లో సమాచార సిద్ధాంతానికి పునాది వేస్తూ, సందేశం అర్థం ఇంజనీరు సమస్యకు సంబంధించినది కాదని మొదట్లోనే పక్కన పెట్టేశాడు. అలా పెట్టబట్టే ఆ శాస్త్రం అంత పెరిగింది, తప్పు పట్టనక్కరలేదు. అయితే క్లార్క్ కథకుడు. కథకుడు కూడా అర్థాన్ని పక్కన పెడితే ఏమవుతుంది?

'రాందెవూ విత్ రామా' (1973) చూడండి. 22వ శతాబ్దంలో సౌరమండలంలోకి ఒక వస్తువు ప్రవేశిస్తుంది. గ్రీకు, రోమను దేవతల పేర్లన్నీ అయిపోయి ఖగోళశాస్త్రజ్ఞులు హిందూ దేవతల జాబితాకు వచ్చి ఉంటారు గనక దానికి 'రామా' అని పేరు పడుతుంది. మనవారు ఈ పేరు చూసి మురిసిపోవడం మేము ఎరుగుదుము. ఆ మురిపెం అనవసరం. కథలో ఆ పేరుకు వరసక్రమం తప్ప వేరే ప్రయోజనం లేదు. ఆ వస్తువు 50 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వ్యాసం ఉన్న బోలు స్తంభం, ఎవరో కట్టిన ఓడ. కమాండర్ నార్టన్ బృందం లోపలికి వెళుతుంది. లోపల సముద్రముంది, మెట్లున్నాయి, నగరాల్లాంటివి ఉన్నాయి. కట్టినవారు లేరు. నవల ముగిసేదాకా ఒక్క మాట మార్పిడి జరగదు. ఓడ సూర్యుడి నుంచి తనకు కావలసిన శక్తి తీసుకుని తన దారిన తాను వెళ్ళిపోతుంది. మనుషులు అక్కడికి వచ్చారన్న సంగతైనా దానికి తెలుసో తెలియదో.

ఇందులో గొప్ప నిజాయితీ ఉంది. ఇతర గ్రహాలవారి చేత చక్కని ఇంగ్లీషు మాట్లాడించే సినిమాలు కోకొల్లలు. క్లార్క్ ఆ సులువు దారి పట్టలేదు. మన భాష తెలియనివాడు మనతో మాట్లాడడు, అంతే. పక్క రాష్ట్రంలో అడుగుపెట్టి బస్సు బోర్డు చదవలేక నిలబడినవాడికి ఈ నవల ఇంకాస్త బాగా తెలుస్తుంది. విశ్వం మన మీద పగబట్టలేదు, ప్రేమా చూపలేదు, అది మనల్ని పట్టించుకోలేదన్న భావాన్ని ఇంత నిబ్బరంగా, భయపెట్టకుండా చెప్పిన నవల మరొకటి మేము చదవలేదు.

కాని ఆయన భాషను నేరుగా కథలోకి తెచ్చినచోట పరిస్థితి వేరు. 'ది నైన్ బిలియన్ నేమ్స్ ఆఫ్ గాడ్' (1953) చిన్న కథ. టిబెట్టు లామాలు ఒక కంప్యూటరును అద్దెకు తీసుకుంటారు. తాము కల్పించుకున్న లిపిలో, తొమ్మిది అక్షరాలకు మించకుండా, దేవుడి పేర్లన్నీ రాసి ముగించడం వారి సంకల్పం. చేత్తో రాస్తే 15 వేల ఏళ్ళు పట్టేది యంత్రం 100 రోజుల్లో చేస్తుంది. పేర్లన్నీ అయిపోతే సృష్టి ప్రయోజనం నెరవేరినట్టేనని వారి నమ్మకం. యంత్రాన్ని నడిపిన ఇద్దరు అమెరికన్లు నవ్వుకుంటూ కొండ దిగుతుండగా ఆకాశంలో చుక్కలు ఒక్కొక్కటిగా ఆరిపోతాయి.

ముగింపు అద్భుతం, సందేహం లేదు. కాని ఈ కథలో పేరు అంటే ఏమిటి? అక్షరాల కూర్పు. సాధ్యమైన కూర్పులన్నీ వేసి, పనికిరానివి తీసేస్తే మిగిలేది. సహస్రనామం చదివే ఇంట్లో పెరిగిన తెలుగు పాఠకుడికి ఇక్కడ ఏదో తేడా కొడుతుంది. మన లెక్కలో నామం అచ్చు వేసేది కాదు, పిలిచేది. పిలిచేవాడు ఒకడుండాలి, పిలిపించుకునేవాడు ఒకడుండాలి. పక్కింటి అవ్వ తులసికోట దగ్గర వెయ్యి పేర్లు అప్పజెబుతున్నప్పుడు ఆమె వెయ్యిని చేరడానికి చదవదు. చేరాక మర్నాడు మళ్ళీ మొదటికి వస్తుంది. క్లార్క్ లామాలకు పేర్లు అయిపోతాయి, మన అవ్వకు అయిపోవు. ఇది మతవిషయంగా మేము చెప్పడం లేదు. భాషావ్యవహారంలో వాడుక అనేదాన్ని తీసేసి కూర్పును మాత్రమే మిగిల్చితే భాషకు ఒక చివర కనబడుతుంది. నిజమైన భాషకు అలాంటి చివర లేదు.

యంత్రం మాట్లాడిన కథ ఆయన రాయకపోలేదు. '2001: ఎ స్పేస్ ఒడిసీ' (1968)లోని హాల్ అనే కంప్యూటరును ఎరుగనివారు తక్కువ. దాన్ని తయారుచేసినది డాక్టర్ చంద్ర. '2010' (1982) నవలలో ఆయన పూర్తిపేరు శివసుబ్రమణ్యన్ చంద్రశేఖరంపిళ్ళై అని ఉంటుంది. 1984 నాటి సినిమాలో మాత్రం ఆ పాత్ర అమెరికన్ నటుడు బాబ్ బలబాన్‌కు పోయింది. యంత్రానికి మాట నేర్పినవాడికి ద్రావిడ దేశపు పేరు పెట్టడం యాదృచ్ఛికమే కావచ్చు, మాకు మాత్రం నచ్చింది. హాల్ తోటి మనుషులను ఎందుకు చంపింది? '2010'లో దొరికే సమాధానం ఇది: నిజం దాచకుండా, వంచకుండా చెప్పడం దాని స్వభావం, ప్రయాణం అసలు ఉద్దేశ్యాన్ని తోటివారి దగ్గర దాచమని పైవారు ఆజ్ఞ ఇచ్చారు. ఈ రెంటి మధ్య అది నలిగిపోయింది. యంత్రానికి మాట రావడం అంటే అబద్ధం కూడా రావడమేనని క్లార్క్‌కు తెలుసు. భాషను కూర్పుగా కాక బాధ్యతగా ఆయన చూసిన చోటు ఇదొక్కటే. అందుకే ఆయన మనుషుల కంటే హాల్ ఎక్కువ మనిషిలా గుర్తుండిపోతుంది. ఈనాడు ఫోనులో అడిగిన ప్రతిదానికీ తడుముకోకుండా జవాబిచ్చే యంత్రాలు చేతిలో పెట్టుకుని తిరుగుతున్న మా విద్యార్థులు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలని మనవి.

క్లార్క్ పేరు చెప్పగానే అందరూ వల్లించేది ఆయన మూడో సూత్రం. 'ప్రొఫైల్స్ ఆఫ్ ది ఫ్యూచర్' సవరించిన ప్రతిలో చేర్చాడు. బాగా ముందుకు పోయిన సాంకేతిక విద్యకూ మ్యాజిక్కుకూ తేడా పోల్చలేమని దాని భావం. దీన్ని తెలుగు చేయమని తరగతిలో ఇచ్చాము. చిక్కంతా ఆ చివరి మాట దగ్గరే. సగంమంది 'మాయ' అన్నారు. మాయ అంటే లేనిది ఉన్నట్టు తోచడం. ఉపగ్రహం లేనిది కాదు. 'ఇంద్రజాలం', 'గారడి' అంటే పెట్టె బజారులో దింపి, చుట్టూ జనాన్ని పోగుచేసి, చివర చిల్లర అడగడం గుర్తుకొస్తుంది. ఆశ్చర్యం ఉంది గాని గంభీరత పోయింది. 'మంత్రం' అన్నవారు ఇద్దరే. మంత్రం అంటే మళ్ళీ పలుకే, సరిగా పలికితే పని జరిగే పలుకు. కమాండు పంపితే 12 నిమిషాలకు ఇంజను మండటం మంత్రం కాక మరేమిటని వారి వాదం. పావగడ నుంచి వచ్చిన ఒక అమ్మాయి 'కనికట్టు' అని రాసింది. వాళ్ళ ఇంట్లో ఇప్పటికీ వాడే మాటట. చూసేవాడి కన్ను కట్టుబడిందే గాని వస్తువులో మోసం లేదన్న సూక్ష్మం ఆ మాటలో ఉంది. క్లార్క్ చెప్పదలచింది కూడా చూసేవాడి గురించే, వస్తువు గురించి కాదు. మా మార్కు దానికే. ఆ సూత్రం ఇంగ్లీషులో నున్నగా జారిపోతుంది, ఎవరూ ఆగి అడగరు. తెలుగులో పెట్టేసరికి నాలుగు దారులుగా చీలి, ఏది నీ ఉద్దేశ్యమని రచయితను నిలదీస్తుంది.

'మాయాబజార్' గుర్తుకు రాకుండా ఉండదు. కె.వి. రెడ్డి ఆ సినిమా 1957 మార్చిలో విడుదలైంది, స్పుత్నిక్‌కు సుమారు ఆరు నెలల ముందు. అందులో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది. తెరిచినవారికి ప్రియమైనది అందులో కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనబడతాడు. దాన్ని చూపి మనవారు టెలివిజన్ ఎప్పుడో కనిపెట్టేశారని చెప్పేవారున్నారు. ఆ మాట మేము ఒప్పుకోము. కవి ఊహ యంత్రం కాదు, క్లార్క్‌లా లెక్క కట్టినవాడే అందుకు హక్కుదారు. కాని మన గమనానికి వచ్చే అంశం మరొకటి ఉంది. ప్రియదర్శిని పెట్టె ఎవరికి ఏం చూపుతుందనేది చూసేవారి మనసును బట్టి ఉంటుంది. క్లార్క్ ఉపగ్రహం అందరికీ ఒకటే చూపుతుంది. ప్రసారం ఒకటైతే మనుషులూ ఒకటవుతారని ఆయన జీవితమంతా నమ్మాడు. దేశాల మధ్య తెరలు తొలగడానికి ఉపగ్రహాలు చాలునన్న ఆశ ఆయన వ్యాసాల్లో పదేపదే కనిపిస్తుంది.

ఈ ఆశకు ఆయన కాలి కింది నేలే సాక్ష్యం చెప్పలేదు. ఆయన సిలోను చేరిన 1956లోనే అక్కడ సింహళాన్ని ఒక్కదాన్నే అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చింది. తమిళులు బయటివారయ్యారు. ఆ చీలిక పెరిగి పెరిగి 1983లో అంతర్యుద్ధమైంది. ఆయన బతికిన రెండో సగమంతా ఆ యుద్ధం నడుమనే గడిచింది. 'ది ఫౌంటెన్స్ ఆఫ్ పారడైజ్' (1979)లో భూమి నుంచి అంతరిక్షానికి తీగ మీద నడిచే లిఫ్టు కట్టడం కోసం ఆయన శ్రీలంకను పోలిన ద్వీపాన్ని ఏకంగా దక్షిణంగా భూమధ్యరేఖ మీదికి జరిపాడు. ఇంజనీరింగు అవసరానికి ద్వీపాన్ని కదిపినవాడు, ఆ ద్వీపాన్ని చీల్చిన భాషా తగవును మాత్రం కథావస్తువు చేయలేదు. ఇది ఆయన ఎరగక జరిగింది కాదు. ఆయన ఊహించిన రేపటిలో మనుషులు భాష తగవులను దాటేసి ఉంటారు. ఎలా దాటారో మాత్రం చెప్పడు. మా ప్రధానమైన అభ్యంతరం ఇదే. వేల కోట్ల కిలోమీటర్ల దూరానికి లెక్క ఉంది, రెండు వీధుల మధ్య దూరానికి లేదు.

1956 మనకూ చిన్న సంవత్సరం కాదు. నవంబరు 1న భాష ప్రాతిపదికన ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, మైసూరు రాష్ట్రం విస్తరించింది. గీత ఎక్కడ గీసినా కొన్ని ఇళ్ళు అవతల పడతాయి. బళ్ళారి, పావగడ, కోలారు తెలుగు ఇళ్ళు ఇవతల ఉండిపోయాయి. అలాగే అటు కన్నడ ఇళ్ళూను. కాని ఇక్కడ యుద్ధం రాలేదు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, పనిలో రెండూ కలిసినది, కాగితం మీద ఇంగ్లీషు అనే అమరిక ఒకటి కుదురుకుంది. దీన్ని ఏ ఉపగ్రహమూ కుదర్చలేదు. పీణ్య షెడ్లలో ఫోర్‌మన్ కన్నడంలో కొలత చెబితే హెల్పరు తెలుగులో బదులు చెప్పి పని ముగించడం రోజూ జరిగేదే. మా విద్యార్థులు తమ తెలుగు 'అచ్చమైనది' కాదని సిగ్గుపడుతుంటారు. క్లార్క్ ఊహకు అందనిది వాళ్ళ ఇంట్లో ఉందని మేము వారికి చెబుతుంటాము. అది వారు ఎంతవరకు నమ్ముతున్నారో మాకు తెలియదు.

2007 డిసెంబరులో, తొంభయ్యేళ్ళు నిండిన సందర్భంగా క్లార్క్ ఒక సందేశం చిత్రీకరించాడు. అందులో మూడు కోరికలు చెప్పాడు. భూమికి బయట జీవం ఉందన్న ఆధారం చూడాలన్నది మొదటిది. నూనె మీద ఆధారపడటం మాని స్వచ్ఛమైన ఇంధనానికి మనుషులు మళ్ళాలన్నది రెండవది. శ్రీలంకలో నిలిచే శాంతి మూడవది. తనను అన్నిటికంటే రచయితగా గుర్తుంచుకోవాలని కూడా కోరాడు. చివరి కోరికను చూసి మేము మెత్తబడ్డామని ఒప్పుకోవాలి. నక్షత్రాలతో మొదలుపెట్టి ఇంటి ముందటి వీధికి వచ్చి ఆగాడు. యుద్ధం 2009 మేలో, ఆయన పోయిన పద్నాలుగు నెలలకు ముగిసింది, ఆయన కోరిన పద్ధతిలో కాదు.

చంద్రుడి మీద రాత్రి ముగిశాక, 2023 సెప్టెంబరు 22న, నిద్రపుచ్చిన ల్యాండరును లేపడానికి సంకేతాలు పంపారు. జవాబు రాలేదు. టీకొట్టాయన ఆ వారంలోనే మమ్మల్ని ఆపి, లేచిందా అని అడిగాడు. లేదన్నాము. పద్నాలుగు రోజులకే కట్టినదనీ, చేయవలసిన పని చేసేసిందనీ వివరించబోయాము. ఆయన అప్పటికే మరొకరికి చిల్లర ఇస్తున్నాడు.

క్లార్క్‌ను కొత్తగా చదివేవారు ముందు రామా కథ మొదటి నవల చదవాలి. 1989 నుంచి జెంట్రీ లీతో కలిసి వచ్చిన తరువాయి భాగాల్లో, మొదటి నవల మూసి ఉంచిన తలుపులన్నీ తెరిచారు. వాటిని మేము సిఫారసు చేయము. పేర్ల కథ అరగంటలో అయిపోతుంది. దాన్ని తెలుగు చేయదలచినవారు 'నేమ్స్' అన్నదానికి పేర్లు అనాలో నామాలు అనాలో ముందే తేల్చుకుని కలం పట్టడం మంచిది. మాతో ఆ ప్రయత్నం చేసిన విద్యార్థులు రెండో పేజీలో ఆ మాట దగ్గరే ఆగిపోయి ఉన్నారు.